వివెక్ 36 పాఠాలు: దేవుడే దాచిన నేరాంగీకారం

ఒక వీడియో గేమ్ కల్పిత లోకంలోని మారోవిండ్ దేశంలో డన్మర్లు అనే జాతివాళ్లు కొలిచే దేవుళ్లు ముగ్గురు: ఆల్మలెక్సియా, సోథా సిల్, వివెక్. వీరిలో వివెక్ యోధుడు, కవి. తన కథను తానే 36 పాఠాలుగా రాసుకున్నాడు. వాళ్ల ఆలయానికి అవి పవిత్ర గ్రంథం. ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో 2002లో వచ్చిన ‘మారోవిండ్’ ఆటలో ఆ పాఠాలు వార్డెన్‌ఫెల్ ద్వీపమంతటా చెల్లాచెదురుగా దొరుకుతాయి. ఆట కోసం వాటిని రాసింది మైకేల్ కర్క్‌బ్రైడ్. కల్పిత లోకపు గ్రంథంలో ఆధ్యాత్మికత ఏముంటుందని కొట్టిపారేయకండి. ఇందులో ఒక దేవుడు తన పాపాన్ని ఒప్పుకున్నాడు, అదీ తనను స్తుతించే గ్రంథంలోనే.

పాఠాలు చెప్పే పుట్టుక కథ ఘనమైనది. ఒక పశుకాపరి భార్య మోసిన గుడ్డులో, పుట్టకముందే, దేవతల దగ్గర విద్యలు నేర్చిన దివ్యశిశువు వివెక్. చరిత్ర చెప్పేది వేరు. దేవుడు కాకముందు అతను చైమర్ల (డన్మర్ల పాత పేరు అది) నాయకుడు నెరెవార్ కొలువులో ఉన్న మనిషి. రెడ్ మౌంటెన్ యుద్ధం ముగిశాక నెరెవార్ చనిపోయాడు. గాయాలతో పోయాడంటుంది ఆలయం. నమ్మినవాళ్లే చంపారంటారు బూడిద నేలల్లో తిరిగే ఆష్‌ల్యాండర్లు. తర్వాత ఆ ముగ్గురూ నెరెవార్‌కు వేసిన ఒట్టు తప్పి, కగ్రెనాక్ అనే మరుగుజ్జు జాతి శిల్పి చేసిన పనిముట్లతో, లోర్ఖన్ అనే చనిపోయిన దేవుడి గుండె నుంచి దైవశక్తి తీసుకున్నారు. అజురా అనే దేవత శాపంతో జాతి జాతంతా బూడిద రంగు చర్మం, ఎర్రటి కళ్లతో డన్మర్లుగా మారిపోయింది.

ఇప్పుడు 29వ పాఠానికి రండి. ఒకటి నుంచి 36 దాకా అంకెల పట్టిక అది. ఒక్కో అంకె పక్కన ఒక గూఢార్థం, దాని పక్కన మరో సంఖ్య. పైపైన చూస్తే ఏదో మంత్రశాస్త్రంలా ఉంటుంది, చాలామంది విసుగెత్తి దాటేస్తారు. ఆ సంఖ్య పట్టుకుని ఆయా పాఠంలో అన్నో మాట దాకా లెక్కపెడితే, దొరికిన మాటలన్నీ కలిసి ఒక వాంగ్మూలం అవుతాయి. మన గర్భకవిత్వంలో పద్యం కడుపులో ఇంకో పద్యం ఉన్నట్టే. అతను దేవుడిగా పుట్టలేదనీ, దైవత్వాన్ని దొంగిలించాడనీ, నాయకుణ్ణి చంపాడనీ, ఇది వివెక్ రాసిందేననీ దాని సారాంశం.

మొదటి పాఠానికి ఇచ్చిన సంఖ్య ఒకటి. అంటే దివ్యజననాన్ని మొదలుపెట్టే ‘అతడు’ అన్న మాటే నేరాంగీకారాన్నీ మొదలుపెడుతుంది. స్తోత్రాన్ని చెరిపేస్తే సాక్ష్యమూ పోతుంది. నిజం పోకుండా ఉండాలంటే అబద్ధాన్ని అక్షరం మార్చకుండా కాపాడుకోవాలి! పూజారులు తరతరాలుగా చేసింది అదే, తెలియకుండానే.

ఆ వాంగ్మూలంలో నన్ను ఆపేసే వాక్యం హత్య గురించినది కాదు. విధి తనను ఈ నేరానికి నడిపించలేదని, తన ఇష్టంతోనే ఈ దారి ఎంచుకున్నానని అంటాడు. జోస్యాలూ తలరాతలూ నిండిన లోకం అది. ‘అలా రాసిపెట్టి ఉంది’ అనేస్తే అడిగేవాడు లేడు. ఆ ఒక్క సాకునూ వదులుకున్నాడు.

అతను వట్టి మోసగాడు కూడా కాదు. కుమ్ము పొలాల దగ్గర ఒక పేద రైతు పశువు చచ్చిపోతే, దాని బదులు వివెక్ తానే పొలంలో పని చేశాడట. యాత్రికులు ఇప్పటికీ అక్కడ వినయానికి గుర్తుగా ‘మక్’ అనే ఆ పొలం పంటనే సమర్పిస్తారు. ఆ వినయమూ అతనిదే, ఆ హత్యా అతనిదే. భక్తుడికి ఏదో ఒకటి ఎంచుకునే వీలు లేదు.

అయినా దాచి చెప్పినదాన్ని పశ్చాత్తాపం అనడానికి నాకు మనసొప్పదు. ఒప్పుకున్నవాడు పీఠం దిగలేదు, పూజలు ఆపలేదు. ఇంకో సంగతి కూడా చూడాలి. ఆ పాఠాల్లో చాలాచోట్ల వివెక్ బోధిస్తున్నది నెరెవార్‌కే. ఆటలో మనం నడిపే పాత్ర నెరెవార్ పునర్జన్మ అంటారు. 36 పుస్తకాలు ఏరుకుని మాటలు లెక్కపెట్టేది ఆ పాత్రే అయితే, వాంగ్మూలం చేరాల్సిన చోటికే చేరుతుంది. చివరికి లోర్ఖన్ గుండెను ఛేదించేందుకు కావలసిన రేత్‌గార్డ్ అనే చేతి తొడుగును ఆ మనిషికి అందించేదీ వివెక్కే. ఆ గుండెతో బంధం తెగితే తన దైవశక్తి కూడా పోతుందని తెలిసే ఇస్తాడు.