పద్నాలుగు అద్దాలు, ఒక సెక్షను

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో నాకు అద్దాల షాపు ఉంది. రాయి పేరున్న పేటలో గాజు అమ్ముతున్నావేమిటని కొత్తగా వచ్చిన ప్రతివాడూ అదే హాస్యం ఆడతాడు. నిరుడు ఫిబ్రవరిలో ఒక రాత్రి మా అబ్బాయి ఇంటికొచ్చి, "నాన్నా, కాలేజీలో అద్దాలు పగిలాయి" అన్నప్పుడు నేను మొదట బేరం వచ్చిందనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి ఉందని హాల్‌టికెట్లు ఆపారట. పగలు జరిగిన ధర్నా గొడవ లేకుండానే ముగిసింది. రాత్రి మావాడూ, ఇంకో ముగ్గురూ మళ్లీ వెళ్లి అద్దాలు పగలగొట్టారు. రెండు సీసీ కెమెరాలను కూడా పగలగొట్టారు. మూడోది వీళ్ల ముఖాలు శుభ్రంగా పట్టుకుంది.

మర్నాటికి కేసు నమోదైంది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆస్తి నష్టానికి పెట్టే 324(5), దాని వెనక ఉమ్మడి ఉద్దేశం పేరుతో నలుగురినీ ఒకే తాడుకు కట్టే 3(5). నాకు తోచిన ఉపాయం ఒకటే: అరకిలో మలై కాజా కట్టించుకుని, వాడిని ఎస్సై దగ్గరికి తీసుకెళ్లి, కాళ్ల మీద పడేసి తప్పు ఒప్పించడం. బయలుదేరే ముందు మా బావమరిది పట్టుబట్టి ఒక లాయరు గారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ కాజా పొట్లం చూసి, "అది ఇంట్లో పిల్లలకు పెట్టండి" అన్నారు.

తర్వాత నన్ను బయట కూర్చోమన్నారు. వాడు జరిగిందంతా ఆవిడ ఒక్కరికే చెప్పాలట. తండ్రిని నేను, నాకు చెప్పకపోతే ఎలా అని కోపం వచ్చింది. "రేపు మిమ్మల్ని ఎవరైనా అడిగితే అబద్ధమాడే అవసరం మీకు రాకూడదు కదా" అన్నారు. అరగంట తర్వాత తలుపు తీసి రెండు మాటలు చెప్పారు. ఫోనులో ఒక్క మెసేజీ కూడా చెరపకూడదు, సాక్ష్యం మాయం చేయడం విడిగా ఇంకో నేరమవుతుంది. ఎఫ్‌ఐఆర్‌లో నలుగురే ఉండటం మన అదృష్టం, ఐదో పేరు చేరి ఉంటే చట్టవిరుద్ధ సమూహం సెక్షన్లు కూడా వచ్చి పడేవి.

అరెస్టు భయంతో ఆ వారం మా ఆవిడ సరిగా అన్నం తినలేదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో పోలీసులు మామూలుగా ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 35(3), స్టేషన్లో ఇప్పటికీ అందరి నోటా పాత చట్టం లెక్కన 41ఏ నోటీసే. పిలిచిన రోజు టైముకు వెళ్తే చాలావరకు అరెస్టు దాకా రాదు. వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది. మూడుసార్లు పిలిచారు, మూడుసార్లూ పది నిమిషాలు ముందే వెళ్లాం. ఒకసారి స్టేషన్లో కాగితాలు రాసే రైటరు వాంగ్మూలం రాసి కింద సంతకం పెట్టమన్నాడు. లాయరు గారి జూనియర్, "పోలీసు వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదు కదండీ" అని నెమ్మదిగా అన్నాడు. రైటరు ఏమీ మాట్లాడకుండా కాగితం ఫైలులో పెట్టేసుకున్నాడు.

కేసు మలుపు తిరిగింది మాత్రం స్టేషన్లో కాదు, కాలేజీ పంపిన షోకాజ్ నోటీసు దగ్గర. నష్టం 1,46,000 రూపాయలు, తలా 36,500 కట్టాలి, క్షమాపణ రాసివ్వాలి అని అందులో ఉంది. రాసిద్దామన్నాను. కాలేజీకి రాసిచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా వస్తుందని లాయరు గారు నా చేతిలోంచి పెన్ను లాక్కున్నంత పని చేశారు. నోటీసుకు ఒక కొటేషన్ జత చేసి ఉంది. ఆవిడ దాన్ని నా ముందుకు తోశారు. "ఇది మీ శాస్త్రం, మీరే చదవండి."

కిటికీ పలకలు పద్నాలుగు. ఒక్కొక్కటి రెండడుగులు బై నాలుగు, మొత్తం 112 చదరపు అడుగులు. 12 ఎంఎం టఫెన్డ్ గ్లాస్, అడుగు 700 లెక్కన 78,400. గాజు తలుపు 22,600. టీవీ, కెమెరాలు 45,000.

ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. మామూలు అల్యూమినియం స్లైడింగ్ కిటికీ గాడిలో ఐదారు ఎంఎంకి మించి కూర్చోదు, 12 ఎంఎం తోయాలంటే కిటికీయే మార్చాలి. అంతకన్నా పెద్ద తప్పు పేపర్లో పడిన ఫోటోలో కనిపించింది. టఫెన్డ్ గ్లాస్ పగిలితే పటికబెల్లం పలుకుల్లా చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. ఫోటోలో తలుపు దగ్గర అలాగే రాలి ఉంది. కిటికీల కింద మాత్రం జానెడు పొడవున కత్తుల్లాంటి పెంకులు. అది 5 ఎంఎం సాదా అద్దం. బిగింపుతో కలిపి అడుగు 110, మొత్తం 12,320.

లాయరు గారు కూడి చూపించారు: 79,920. నష్టం లక్ష దాటితే 324(5), ఐదేళ్ల దాకా శిక్ష, రాజీకి వీల్లేదు. ఇరవై వేల నుంచి లక్ష లోపైతే 324(4), రెండేళ్ల దాకా. నష్టపోయింది ప్రైవేటు వ్యక్తులే అయితే రాజీ పడొచ్చు. ప్రభుత్వ కళాశాల అయ్యుంటే 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం వచ్చి పడేది, ఈ దారే ఉండేది కాదు.

నేను వెంటనే నా లెటర్‌హెడ్ తీశాను. "నిందితుడి తండ్రి రాసిన లెక్క ఎవరు నమ్ముతారండీ" అన్నారావిడ. వేరే రెండు షాపుల నుంచి తేవాలట. అందులో ఒకాయన పదేళ్లుగా అడుగుకు రెండు రూపాయలు తగ్గించి నా బేరాలు తన్నుకుపోయే మనిషి. ఆయన ఫోటో చూసి, నవ్వి, జీఎస్టీ నంబరుతో సహా రాసిచ్చాడు. ధర మాత్రం అడుగుకు 108 వేశాడు.

ఆ కాగితాలతో దర్యాప్తు అధికారికి అర్జీ పెట్టాం, కాలేజీ నుంచి అసలు కొనుగోలు బిల్లులు తెప్పించమని. బిల్లుల్లో 5 ఎంఎం అనే ఉంది. చార్జిషీటు 324(4) కింద వచ్చింది. తర్వాత వాయిదాలు, జిల్లా కోర్టు ఆవరణలో చెట్టు కింద టీలు. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ. కేసు అక్కడితో ముగిసింది, దాని మీద అప్పీలు ఉండదు. అయినా ఆ ధ్రువీకృత ప్రతి జాగ్రత్తగా దాచమన్నారు. ఉద్యోగం ఫారంలో కేసుల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయాలట, దాచిపెడితేనే ఎక్కువ ముప్పట.

తలుపుకీ టీవీకీ తలా 16,900 కట్టాం. కిటికీలు నేను వేసిచ్చేలా ఒప్పందం, మిగతా మూడు కుటుంబాలూ నాకు తలా 3,080 ఇవ్వాలి. ఒకరు ఇంకా ఇవ్వలేదు.

ఆదివారం పలకలు ఆటోలో పెట్టుకుని వెళ్లాం. దారిలో ఒకటి చిట్లింది, కాబట్టి నాకు పదిహేను పడ్డాయి. వాడు అద్దం నిలువుగా పట్టుకోవడం అప్పటికి నేర్చుకున్నాడు. కేసు ముగిసింది కాబట్టి అప్పుడడిగాను, "నువ్వు కొట్టింది ఏది?" అని. మూడో కిటికీ చూపించాడు. దాన్ని వాడి చేతే బిగించమన్నాను. రబ్బరు బీడింగ్ ఒక మూల లేచిపోయింది. తీసి మళ్లీ వేశాను.