మందాకిని ఒడ్డున ఆగిన కాసేపు

కేదార్‌నాథ్ నుంచి తిరిగొచ్చి వారమైంది. గుడి కన్నా ఆ నదే ఎక్కువ గుర్తొస్తోంది.

గౌరీకుండ్ నుంచి నడుస్తుంటే రాంబాడా దగ్గర దారి వంతెన దాటి అవతలి ఒడ్డుకి వెళ్తుంది. 2013 జూన్ వరదలో రాంబాడా, పాత దారి రెండూ కొట్టుకుపోయాయి. నీళ్ళ పక్కనే గదంత బండ. దాని కింద వంకర తిరిగిన ఇనుప ఊచ, చుట్టూ బూడిదరంగు మట్టి.

"ఇంత రాయిని నీళ్ళు మోసుకొచ్చాయా?" అంది అమ్మ.

ఉత్త నీళ్ళయితే మోయలేవు. పైన చోరాబాడీ సరస్సుకి గట్టుగా ఉన్న రాళ్ళమట్టి దిబ్బ తెగింది. నీళ్ళూ మట్టీ రాళ్ళూ కలిసి తడి కాంక్రీటులా వస్తే బండలు కూడా దొర్లుకుంటూ వచ్చేస్తాయి.

హిమాలయాలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. కొండ లేచేకొద్దీ నది లోతుగా కోస్తుంది, వాలు నిటారై ఏదో ఒక వానకి జారిపోతుంది. ఆ రాళ్ళు మేటవేస్తే నది పక్కకి తిరిగి ఎదుటి ఒడ్డుని కోస్తుంది. అక్కడ మళ్ళీ కొండ జారుతుంది.

కేదార్‌నాథ్ ఉన్న ఈ గఢ్వాల్ కొండప్రాంతంలోనే 1893లో కొండ విరిగిపడి బిరహీ గంగ అనే నదికి అడ్డంగా నిలిచింది. వెనక పెద్ద సరస్సే ఏర్పడింది. 1894 ఆగస్టులో కట్ట తెగేసరికి, ముందే టెలిగ్రాఫ్ తీగ వేసి జనాన్ని ఖాళీ చేయించడంతో దాదాపు అందరూ బతికారు. దిగువనున్న శ్రీనగర్ పట్టణం (కాశ్మీర్‌ది కాదు, గఢ్వాల్‌ది) మాత్రం కొట్టుకుపోయింది. 2013లో కూడా అలాంటి కబురు ముందే అంది ఉంటే అని అక్కడ నిలబడి చాలాసేపు బాధపడ్డాను.

అమ్మ ఆ బండ మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.