బొబ్బర్ల వేర్లు: డాబా మీద 45 రోజులు

జూన్ 20
ఈసారి బొబ్బర్లు వేస్తున్నది కాయల కోసం కాదు, వేర్ల కోసం. పప్పుజాతి మొక్కలకూ రైజోబియం బాక్టీరియాకూ ఉండే సహజీవనం గురించి బళ్లో చదువుకున్నాను గానీ కళ్లారా చూడలేదు.

12 అంగుళాల గ్రోబ్యాగులు నాలుగు. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక. కంపోస్టు కావాలనే కలపలేదు. గింజల మీద చల్లారిన బెల్లం నీళ్లు చిలకరించి, రైజోబియం పొడి పట్టించి, అరగంట నీడలో ఆరబెట్టాను. ఎండ తగిలితే బాక్టీరియా చచ్చిపోతుంది. 1, 2 సంచుల్లో పొడి పట్టించిన గింజలు, 3లో పట్టించనివి. 4లో పట్టించినవే, కానీ పది రోజులకోసారి లీటరు నీళ్లలో 2 గ్రాముల యూరియా కలిపి పోస్తాను.

జూన్ 24
అన్నీ మొలిచాయి. సంచికి మూడేసి ఉంచాను.

జూలై 12
మొదటి మూడు సంచుల్లో ఆకులు పాలిపోయాయి. నాలుగోది మాత్రం ముదురాకుపచ్చగా ఉంది. టెన్షన్ పడి యూరియా పోయబోయి ఆగాను. వేర్ల మీద ఈ బాక్టీరియా చేరే బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే పని మొదలుపెట్టేదాకా మొక్కకు కొన్నాళ్లు నత్రజని చాలదు. ఓపిక పట్టాలి.

ఆగస్టు 1
మొక్కలు కోలుకున్నాయి. సంచికొకటి చొప్పున మట్టితో సహా తవ్వి తీశాను. పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టి, మట్టి వదిలాక లెక్కపెట్టాను: వరసగా 34, 29, 11, 4.

మూడో సంచిలో పొడి వేయకపోయినా 11 ఉన్నాయి. బొబ్బర్లకు సరిపడే బాక్టీరియా మన నేలల్లో మామూలుగానే ఉంటుంది. నాలుగో దాంట్లో యూరియా నుంచి నత్రజని తేరగా దొరికేసరికి మొక్క బుడిపెలు పెద్దగా కట్టుకోలేదు.

ఒకటో సంచి బుడిపెను బ్లేడుతో కోస్తే లోపలంతా గులాబీ రంగు! కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. అది లెగ్‌హిమోగ్లోబిన్, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. కానీ బాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. అందుకే ఈ ప్రోటీన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొద్దికొద్దిగా అందిస్తుంది. దాన్ని తయారుచేసేది మొక్కే. తన చక్కెరలు కూడా పెట్టి బాక్టీరియాను పోషిస్తుంది. నాలుగో సంచిలోని నాలుగూ కోసి చూశాను, లోపల తెల్లగా ఉన్నాయి. అవి పనిచేయడం లేదన్నమాట.

మా ఊళ్లో కోతలయ్యాక గొర్రెల కాపరులు వచ్చి రాత్రిళ్లు పొలంలో మంద పెట్టేవారు. గొర్రెలకు పగలు మోళ్లలో మేత, చేనుకు ఎరువు. తాతయ్య వాళ్లకు భోజనం పెట్టించి, గింజలు కొలిచి ఇచ్చేవాడు. యూరియా బస్తాలు వచ్చాక మా ఇంట్లో మంద పెట్టించడం మానేశారు, కాపరులూ రావడం మానేశారు. నాలుగో సంచి వేర్లు చేతిలో పట్టుకుంటే అదే గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

ఆగస్టు 4
పూత మొదలైంది. నాలుగో సంచి లేత చిగుళ్లకు పేనుబంక, దాని తీపి రసం కోసం చీమలు. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టాను. పేనుబంకను తినే అక్షింతల పురుగులు కనిపిస్తున్నాయి కాబట్టి మందేమీ కొట్టను.

కాయలు అయిపోయాక మొక్కలను మొదలుకు కోసి, వేర్లు మట్టిలోనే వదిలేసి పాలకూర చల్లుతాను. గొర్రెల ఎరువు ఒక బస్తా పంపమని ఊరికి ఫోన్ చేశాను.