ఆరేళ్ళు ఆవకాయను తిట్టుకున్నాను

మా ఇంట్లో ఆవకాయ జాడీ 2017లో అటకెక్కింది. ఎక్కించింది నేనే.

రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేది. గొంతులోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నేవి. మంట ఛాతీ మధ్య నుంచి చెవుల దాకా పాకేది. లేచి కూర్చుని, మంచం పక్కన పెట్టుకున్న చల్లటి పాలు రెండు గుక్కలు తాగి, గోడకు ఆనుకుని మళ్ళీ కునుకు తీసేదాన్ని. తెల్లారేసరికి గొంతు బొంగురు. తెనాలి దగ్గర ఓ ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మొదటి పీరియడ్‌లో పద్యం ఎత్తుకోలేక పిల్లల చేత చదివించి, అర్థం మాత్రం నేను చెప్పేదాన్ని.

పగలు మాత్రం మంట పెద్దగా ఉండేది కాదు. ఈ ఒక్క ముక్క నాకైనా తట్టాల్సింది.

ఎండోస్కోపీలో అన్నవాహిక చివర కాస్త ఎరుపు తప్ప పుండేమీ లేదన్నారు. పరగడుపున కడుపులో పులుపు తగ్గించే మాత్ర, పాంటోప్రజోల్ 40 రాశారు. వేసుకుంటే సగం తగ్గేది, మానితే మళ్ళీ మామూలే. అత్తయ్యగారు జీలకర్ర నీళ్ళన్నారు, వామన్నారు. అన్నీ తాగాను. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాను కూడా. తెల్లారేసరికి కాళ్ళవైపుకు జారిపోయి ఉండేదాన్ని.

గురక సంగతి ఎవరికీ చెప్పలేదు. మావారు ఎప్పుడో హాల్లోకి మకాం మార్చేశారు. పొద్దున్నే తలనొప్పి, స్టాఫ్‌రూంలో కూర్చుంటే చాలు తూగు, రాత్రి మూడుసార్లు బాత్రూంకి లేవడం, ఇవన్నీ నెలసరి ఆగిన వయసు ఖాతాలో వేసేశాను. కడుపు డాక్టరుగారు నిద్ర గురించి అడగలేదు. అడిగినా ఒప్పుకునేదాన్ని కాదేమో. మన ఇళ్ళలో గురక మగవాళ్ళ హక్కు కదా! నెలసరి ఆగాక ఆడవాళ్ళకూ ఈ గురక జబ్బు ఎక్కువవుతుందని తర్వాత తెలిసింది.

2023 సంక్రాంతికి చెల్లెలు వచ్చి నా పక్కన పడుకుంది. పొద్దున కాఫీ కూడా తాగనివ్వకుండా ఫోను చెవి దగ్గర పెట్టింది. ట్రాక్టరు లాంటి గురక. ఉన్నట్టుండి నిశ్శబ్దం. తర్వాత నీళ్ళలోంచి తల పైకెత్తినవాళ్ళలా ఒక్కసారి గుక్క.

"అక్కా, గురక పెడితే పెట్టావు. మధ్యలో ఊపిరి ఆపేస్తున్నావు. రాత్రంతా లెక్కపెడుతూ కూర్చున్నాను" అంది.

ఆ మాట విన్నాక కూడా ఆరు నెలలు నాన్చాను. జులైలో గుంటూరులో ఒక రాత్రి నిద్ర పరీక్ష చేయించుకున్నాను. తలకు నూనె పెట్టుకోకుండా రమ్మన్నారు. తలమీద, ఛాతీమీద, కాళ్ళమీద జిగురుతో వైర్లు, వేలికి క్లిప్పు. ఇన్నిటి మధ్య నిద్రేం పడుతుందిలే అనుకున్నాను గానీ పట్టింది. ఆ జిగురు మూడుసార్లు తలంటుకుంటే గానీ వదల్లేదు. గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో సన్నబడడమో జరిగిందని రిపోర్టు. 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. ఒకసారైతే 52 సెకన్లు ఆగిందట. రక్తంలో ఆక్సిజన్ 76 శాతానికి పడిపోయింది.

మంట సంగతి మాటల్లో ఎత్తితే ఊపిరితిత్తుల డాక్టరుగారు, "మీ ఊళ్ళో బోరింగు ఉందా అమ్మా?" అని అడిగారు. నిద్రలో గొంతు మూసుకుపోయినా ఛాతీ గాలి కోసం లాగుతూనే ఉంటుంది. బయటి గాలి లోపలికి రాదు. ఆ లాగుడుకు, బోరింగు కొడితే నీళ్ళు పైకొచ్చినట్టు, కడుపులోని పులుపు పైకొస్తుంది. కడుపు మూతి దగ్గరి కవాటం వదులుగా ఉంటే మరీ సులువు. దీనికి వాడేది సీపాప్ మిషను, మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. అయితే ఆ మిషను పెట్టుకున్న అందరికీ మంట తగ్గుతుందని మాటివ్వలేనని కూడా చెప్పారు. రెండు జబ్బులకూ అధిక బరువు ఒక కారణమే. నేనప్పుడు 82 కిలోలు.

సీపాప్ మిషను యాభై వేలకు దగ్గర పడింది. మొదటి వారం నరకం. మాస్కు అంచులోంచి గాలి కంట్లోకి కొట్టేది. పట్టీ బిగించిన కొద్దీ ఇంకా ఎక్కువ కారేది. మూడో రాత్రి పీకి అవతల పడేశాను. పైగా గాలి మింగేసి పొద్దున్నే పొట్ట డప్పులా ఉండేది. మిషను తెచ్చిచ్చిన అబ్బాయి ఇంటికొచ్చి, నన్ను పడుకోబెట్టి, గాలి వస్తుండగానే పట్టీలు వదులు చేశాడు. కూర్చుని బిగించుకోవడమే నా తప్పట. డాక్టరుగారు మిషను గాలి ఒత్తిడి కాస్త తగ్గించారు.

పన్నెండో రోజు తెల్లవారి చూస్తే, మంచం పక్కన పాలు గ్లాసులో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, పైన మీగడ కట్టి. రాత్రి లేవనే లేదు.

డాక్టరుగారిని అడిగి రెండు నెలల్లో మాత్ర మెల్లగా తగ్గించాను. ఈలోగా రాత్రి భోజనం ఏడింటికే ముగిస్తున్నాను, నాలుగు కిలోలు తగ్గాను కూడా. ఏది దేనివల్లో చెప్పలేని పరిస్థితి. అంతలో డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వీధిలో రెండు రాత్రులు కరెంటు లేదు. తిండి అదే, ఏడింటికి పెరుగన్నం. మిషను మాత్రం లేదు. మొదటి రాత్రే రెండున్నరకు పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నాయి. రెండో రాత్రీ అంతే. కరెంటొచ్చి మాస్కు పెట్టుకున్నాక ఆ వారమంతా లేదు. నా ఒక్కదాని రెండు రాత్రుల లెక్కే, నాకు సరిపోయింది.

జాడీ అటక దిగింది. ఆవకాయ మధ్యాహ్నం మాత్రమే, అదీ ఒక్క ముద్దలోకే. ఆలస్యంగా తిన్న పెళ్ళి భోజనాలకు ఇప్పటికీ మంట వస్తుంది.

తుపాను వెలిసిన వారానికి ఎలక్ట్రీషియన్ని పిలిచి మంచం పక్క ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను లాగించాను. అందుకోసం హాల్లో టీవీ లైను తీసేయాల్సి వచ్చింది. మావారు ఇంకా సణుగుతూనే ఉన్నారు.