తాళ్లరేవు మేస్త్రి చేతిలో బద్ద

1996లో కాకినాడలో మెకానికల్ ఫస్టియర్‌లో చేరేనాటికి నాకు సముద్రం తెలీదు. మాది ప్రత్తిపాడు వైపు మెట్ట ఊరు. లెక్కలు, మెకానిక్స్ ఎలాగోలా నెట్టుకొచ్చాను, భయమల్లా ఇంజినీరింగ్ డ్రాయింగే. వస్తువుని ముందునుంచి, పైనుంచి చూసినట్టు విడివిడిగా గీసే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో, పైనుంచి కనిపించే బొమ్మ (టాప్ వ్యూ) ముందు బొమ్మకి కింద ఎందుకొస్తుందో అర్థం కావడానికి నెల పట్టింది. హాస్టల్లో సీనియర్ ఒకాయన అగ్గిపెట్టెని కాగితం ముందు పట్టుకుని, "వస్తువు మనకీ కాగితానికీ మధ్యలో ఉంది, పైనుంచి చూస్తే దాని రూపం ఎక్కడ పడుతుందిరా?" అని అడిగితే గానీ వెలగలేదు.

తర్వాత సైక్లాయిడ్ వచ్చింది. దొర్లే చక్రం అంచున ఒక చుక్క పెడితే అది గీసే దారి అన్నమాట. వృత్తాన్ని 12 భాగాలు చేసి చుక్కలు పెట్టడం దాకా బాగానే వచ్చేది, వాటిని కలిపేటప్పుడు మాత్రం ఫ్రెంచ్ కర్వ్ (వంపులు గీసే పలక) జరిపిన ప్రతిచోటా చిన్న విరుపు. రబ్బరుతో రుద్దీ రుద్దీ షీటు నూగు లేచేది.

ఆ నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మా బ్యాచ్‌లో ఎవరూ మరిచిపోరు. వెయ్యి మందికి పైగా పోయారు, వేటకెళ్లినవాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. నా రూమ్మేట్‌ది తాళ్లరేవు. ఇంటి దగ్గర ఎలా ఉందో తెలీక వాడు తిండి మానేశాడు. అందరూ క్షేమమేనని కబురొచ్చిన చాలా రోజులకి నన్ను వాళ్ల ఊరు తీసుకెళ్లాడు.

వాళ్ల పెదనాన్న పడవలు కట్టే మేస్త్రి. తుఫానులో పడవలు పోగొట్టుకున్నవాళ్ల కోసం ఆయన పొద్దుట్నించీ చీకటి పడేదాకా పని చేస్తున్నారు. చేతిలో ఒక్క కాగితం లేదు! పక్కటెముకల్లా నిలబెట్టిన చెక్కల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకి ఒక సన్నటి వెదురు బద్ద వంచి పట్టుకుని, అది ఎక్కడ చెక్కని తాకకుండా పైకి లేస్తోందో, ఎక్కడ ఎత్తు తగిలి ఆగుతోందో కన్ను చికిలించి చూసి, ఎత్తున్న చోట బాడిసెతో పిసరంత చెక్కి, మళ్లీ బద్ద పెట్టేవారు. "చూసింది చాలదు బాబూ, కళ్లు మూసుకుని తడుము" అన్నారు. తడిమాను. ఒకచోట నా వేలు ఆగింది. ఆయన మాట్లాడకుండా అక్కడే బాడిసె వేశారు.

పక్క ఊరు కోరంగి గురించి కూడా ఆయనే చెప్పారు. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారట, ఆ రేవుని 1839 తుఫాను తినేసిందట. బర్మాలో మనవాళ్లని కోరంగీలని పిలిచింది ఆ ఊరి పేరు మీదే.

వచ్చేటప్పుడు ఒక బద్ద ముక్క అడిగి తెచ్చుకున్నాను. దాన్ని చాకుతో ఇంకా సన్నగా చీరి, చుక్కల మీదుగా వంచి, ఇద్దరు ఫ్రెండ్స్ వేళ్లతో అదిమి పట్టుకుంటే నేను పెన్సిల్ నడిపాను. విరుపు లేదు. ఆ తర్వాత ఆదివారాలు సినిమాలు తగ్గాయి, జగన్నాథపురం వంతెన దగ్గర కూర్చుని పడవల బొమ్మలు గీయడం ఎక్కువైంది. నీళ్లలాంటి ద్రవాల తీరు చెప్పే ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకం సిలబస్‌లోకి రాకముందే లైబ్రరీలో తెరిచింది కూడా వాటికోసమే.

నేను తడిమిన ఆ పడవ నీళ్లలోకి దిగిన రోజు నాకు పరీక్ష ఉంది, వెళ్లలేకపోయాను. రూమ్మేట్ మాత్రం వెళ్లొచ్చి, దానికి కట్టిన బంతిపూల దండలోంచి ఒక పువ్వు తెచ్చి నా డ్రాయింగ్ బోర్డు మీద పెట్టాడు.