మూడో సిలిండర్ దగ్గరే మళ్లీ పోయిన గ్యాస్కెట్: ఇక ముందు ఏ భాగాలు మార్చాలి?

మూడో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ పైనుండే హెడ్‌కూ మధ్య గ్యాసు, నీరు కారకుండా వేసే పొర) కూడా పోయింది. దీపావళికి ఒకటి, సంక్రాంతికి ఒకటి పోయాయి, మొన్న ఆదివారం ఇది. నరసాపురం దగ్గర మా పాత రైసుమిల్లు షెడ్డులో ఏడాదిగా టర్బోతో తయారవుతున్న ఈ హోండా సిటీ వీటెక్‌కు కంపెనీ ఇచ్చినది 1493 సీసీ, 106 హార్స్‌పవర్. నాకు కావలసినది 200. ఇంటర్‌కూలర్, ఇంజెక్టర్లు, స్టాండలోన్ ఈసీయూ (ఇంజన్‌ను నడిపే విడి కంప్యూటర్) అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి.

0.5 బార్ బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి పీడనం) వరకు ఏ ఇబ్బందీ లేదు. 0.8 బార్‌కు పెంచి మిల్లు ప్రహరీ లోపలి దారిలో రెండో గేరులో లాగగానే, 4,500 ఆర్‌పీఎం దాటిన తరువాత కూలెంట్ ఓవర్‌ఫ్లో సీసాలోకి పొంగుతోంది. టెంపరేచర్ ముల్లు మాత్రం కదలదు. రాత్రంతా చల్లారిన ఇంజన్‌కు తెల్లవారి రేడియేటర్ పై గొట్టం నొక్కి చూస్తే రాయిలా గట్టిగా ఉంది. కంప్రెషన్ పరీక్షలో వరుసగా 175, 178, 170, 174 పీఎస్ఐ వచ్చాయి కాబట్టి, ఆ పరీక్షనే నమ్ముకుని ఉంటే గ్యాస్కెట్ బాగుందనే అనుకునేవాడిని. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్షలో అసలు సంగతి బయటపడింది. మిగతా మూడు సిలిండర్లలో 6 నుంచి 8 శాతం పోతుంటే మూడో దానిలో 22 శాతం పోయింది, రేడియేటర్ మూతి దగ్గర బుడగలు వచ్చాయి. బ్లాక్ టెస్టర్‌లోని నీలి ద్రవం నిమిషంలోపే పసుపుగా మారింది, అంటే కూలెంట్‌లోకి ఇంజన్ గ్యాసు వస్తోంది.

హెడ్ దించి చూస్తే, మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వైపు ఫైర్ రింగ్ (గ్యాస్కెట్‌లో సిలిండర్ చుట్టూ ఉండే లోహపు అంచు) నుంచి నీటి రంధ్రం వరకు అగ్గిపుల్ల మందాన నల్లటి గీత ఉంది. మూడుసార్లూ అదే చోటు. హెడ్ లేచిపోతోందేమోనని మొదట బోల్టులను అనుమానించాను. కానీ అలాగైతే రెండో సిలిండర్ దగ్గర కూడా జాడ కనిపించాలి. నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) అందామంటే ప్లగ్గుల పింగాణీ మీద ఒక్క చుక్క కూడా లేదు. మిగిలినవి రెండు. హెడ్ మీద ఆ నీటి రంధ్రం అంచున 0.25 మి.మీ. లోతున గుంటలున్నాయి. బ్లాక్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే 0.04 మి.మీ. ఫీలర్ బ్లేడు మూడో స్లీవు (సిలిండర్ లోపలి గొట్టం) మీద మాత్రమే దూరుతోంది, 0.05 దూరడం లేదు; అంటే ఆ స్లీవు కాస్త కుంగింది.

గుంటలకు కారణం నాకు తెలుసు. పాత యజమాని ఏళ్ల తరబడి రేడియేటర్‌లో బోరు నీళ్లే పోశాడు. సముద్రం దగ్గరి మా ఊళ్లలో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి ఉప్పు పొర కడుతుంది. అదే నీరు అల్యూమినియం హెడ్‌ను తినకుండా ఉంటుందా? డిస్టిల్డ్ వాటర్, మంచి కూలెంట్ తప్ప మరేదీ పోయకూడదని ఇక్కడి వారందరికీ చేతులు జోడించి చెబుతున్నాను.

పైగా హెడ్ ఫేసింగ్ (అడుగు చదును) చేసిన షాపులో లారీ హెడ్లకు వాడే రాయినే దీనికీ వాడారు. గోరుతో గీస్తే గీతలు తగులుతున్నాయి. నా అభిప్రాయంలో కామెటిక్ కంపెనీ ఎంఎల్ఎస్ (పలుచటి ఉక్కు రేకుల పొరల) గ్యాస్కెట్‌ను మించినది లేదు, కానీ దానికి 50 ఆర్ఏ (మైక్రో అంగుళాల్లో గరుకుదనపు కొలత) లేదా అంతకంటే నునుపైన ఉపరితలం కావాలి. గరుకు హెడ్ మీద వేస్తే ఆ డబ్బు గోదాట్లో పోసినట్లే.

అందువల్ల కొనుగోళ్ల వరుసను మార్చేశాను. పెద్ద టర్బో, క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) ఇప్పుడు వద్దు. ఉన్న టీడీ04 టర్బోయే నా లక్ష్యానికి సరిపోతుంది. ముందు హెడ్ గుంటలను టిగ్ వెల్డింగ్‌తో నింపించి, సన్నటి ఫేసింగ్ చేయించి, హెడ్‌ను గట్టిగా పట్టి ఉంచే ఏఆర్‌పీ కంపెనీ స్టడ్లు వేస్తాను. మొత్తం 0.3 మి.మీ. తీయవలసి వస్తే, పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ, బ్యూరెట్‌తో కొలిచిన 43.4 సీసీలో దాదాపు 1.3 సీసీ తగ్గి కంప్రెషన్ నిష్పత్తి 9.6 నుంచి 9.9కు చేరుతుంది. టర్బో ఇంజన్‌కు, అందులోనూ మా మే నెల ఎండల్లో, అది మంచిది కాదు. హెడ్ కిందికి దిగిన కొద్దీ క్యామ్ టైమింగ్ కూడా కొంత వెనకబడుతుంది కాబట్టి సర్దుకునే క్యామ్ గేరు తప్పనిసరి.

స్లీవు సమం చేయాలంటే బ్లాక్‌ను పూర్తిగా విప్పాలి. ఎలాగూ విప్పుతున్నప్పుడు ఈగల్ కంపెనీ కనెక్టింగ్ రాడ్లు, పైభాగాన లోతైన డిష్ (గుంట) ఉన్న ఫోర్జ్‌డ్ పిస్టన్లు ఇప్పుడే వేయడం మేలు. ఈ ఇంజన్‌లో ఎక్కువ బూస్ట్‌కు ముందుగా వంగేవి కంపెనీ రాడ్లే. పెరిగిన కంప్రెషన్‌ను డిష్ పిస్టన్లు తగ్గిస్తాయి.

ఈ వారం బ్లాక్‌ను స్టాండు మీదికి ఎక్కించి, మూడో స్లీవును డయల్ గేజ్‌తో ఎనిమిది చోట్ల కొలుస్తాను. చుట్టూ ఒకేలా కుంగి ఉంటే బ్లాక్‌ను సమం చేయిస్తే చాలు; ఎగ్జాస్ట్ వైపే కుంగి ఉంటే మాత్రం వేరే బ్లాక్ కోసం రాజమండ్రి పాత సామాను దుకాణాలకు వెళ్లాలి.