మొదటి వారంలో వచ్చే నెగెటివ్ రిపోర్టు

వానలు మొదలైన తర్వాత హనుమకొండలోని మా ప్రయోగశాలకు జ్వరపు నమూనాలు ఎక్కువగా వస్తాయి. ములుగు, ఏటూరునాగారం అడవి అంచు పల్లెల నుంచి వచ్చే వాటితో సహా దాదాపు అన్నింటికీ డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్షలే అడుగుతారు గాని, రోగి పశువులు కాసేవాడా, ఒంటిమీద పిడుదు కరిచిన జాడ ఉందా అన్న సంగతి చీటీపై అరుదుగా కనిపిస్తుంది.

పిడుదుల ద్వారా సోకే మచ్చల జ్వరానికి, అంటే ఇండియన్ టిక్ టైఫస్‌కు, కారణం రికెట్సియా కొనోరై అనే బాక్టీరియా. ఇది రక్తనాళాల లోపలి పొర కణాలలో దాగి పెరుగుతుంది కాబట్టి మామూలు బ్లడ్ కల్చర్‌లో మొలవదు; దీన్ని పెంచాలంటే సజీవ కణాలు, ప్రమాదకర క్రిములతో పనిచేసే ప్రయోగశాలలకుండే బీఎస్ఎల్-3 స్థాయి భద్రత ఉండాలి. అందువల్ల బాక్టీరియాను వదిలి, దానిపై శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను వెతకడమే చాలాచోట్ల జరిగే పని.

1916 నాటి వీల్-ఫెలిక్స్ పరీక్ష ఇందుకు ఇప్పటికీ వాడుకలో ఉంది. రికెట్సియాకు, ప్రోటియస్ అనే వేరే బాక్టీరియాకు ఉన్న యాంటిజెన్ (ప్రతిరక్షకాలు గుర్తుపట్టే భాగం) పోలికే దీనికి ఆధారం: రోగి రక్తరసంతో కలిపినప్పుడు ఓఎక్స్ 19, ఓఎక్స్ 2 అనే ప్రోటియస్ రకాలు గడ్డకడితే మచ్చల జ్వరాన్ని, ఓఎక్స్ కె రకం గడ్డకడితే నల్లులవంటి చిగ్గర్ల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌ను అనుమానిస్తాం. ఖర్చు తక్కువే గాని, అసలు రోగులను ఇది చాలాసార్లు పట్టుకోలేదు, ప్రోటియస్ వల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో తప్పుగా పాజిటివ్ కూడా చూపగలదు.

ప్రామాణికమైనది ఐఎఫ్ఏ, అంటే ప్రతిరక్షకాలను మెరిసే రంగు సాయంతో సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష. అయినా ప్రతిరక్షకాలు సాధారణంగా మొదటి వారం దాటాకే కొలవదగినంతగా పెరుగుతాయి కనుక, మూడో రోజున తీసిన రక్తంలో నెగెటివ్ వస్తే జబ్బు లేదని అర్థం కాదు. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత తీసిన రెండో నమూనాలో టైటర్, అంటే ప్రతిరక్షకాల స్థాయి, నాలుగింతలు, ఉదాహరణకు 64 నుంచి 256కు, పెరిగితేనే నిర్ధారణ అవుతుంది. తొలి రోజుల్లో బాక్టీరియా జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ మేలు. పిడుదు కరిచిన చోట నల్లటి పక్కు ఉంటే అక్కడి చర్మం రక్తం కన్నా మంచి నమూనా, అయితే దాన్ని ఈ జబ్బుకిచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ మొదలుపెట్టకముందే తీయడం మంచిది. చంకల్లో, గజ్జల్లో, తల వెంట్రుకల మధ్య వెతికి చూడకపోతే ఆ పక్కు కంటపడదు.

ఇంత చెప్పినా, అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లతో వచ్చిన రోగికి మా రిపోర్టు కోసం మందు ఆపకూడదు. పిల్లలకైనా డాక్సీసైక్లినే మొదటి మందు. వైద్యులను నేను కోరేది ఒక్కటే: జ్వరం మొదలైన తేదీ, మందు మొదలుపెట్టిన తేదీ చీటీపై రాయండి, జ్వరం తగ్గిన రోగిని రెండో నమూనాకు తప్పక పిలిపించండి.